ఐఎన్‌జీ డైరెక్ట్, 2008: ఖాతాదారు బ్రౌజర్ చేతే డబ్బు పంపించగల సీఎస్ఆర్ఎఫ్ గొలుసు

2008 సెప్టెంబరు చివర్లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం జెల్లర్, ఎడ్వర్డ్ ఫెల్టన్ ఒక పరిశోధన పత్రం బయటపెట్టారు. పేరున్న నాలుగు వెబ్‌సైట్లలో ఒకే జాతి లోపం ఉందని అందులో చూపించారు: సీఎస్ఆర్ఎఫ్ (క్రాస్ సైట్ రిక్వెస్ట్ ఫోర్జరీ), అంటే వేరే సైటు పేజీ మన బ్రౌజర్ చేత మనకు తెలియకుండా రిక్వెస్ట్ పంపించడం. వాటిలో అన్నిటికంటే బరువైనది అమెరికాలోని ఐఎన్‌జీ డైరెక్ట్ బ్యాంకుది. అది అప్పట్లో ప్రధానంగా ఇంటర్నెట్ మీదే నడిచిన బ్యాంకు. లాగిన్ అయి ఉన్న ఖాతాదారు వేరే ట్యాబ్‌లో ఒక దొంగ పేజీ తెరిస్తే చాలు. అతని పేరున కొత్త ఖాతా తెరిచి, డబ్బు అందుకునే వ్యక్తిగా దాడి చేసేవాణ్ని చేర్చి, బదిలీ కూడా పూర్తిచేయవచ్చని వాళ్లు నిరూపించారు. పాస్‌వర్డ్ దొంగిలించక్కర్లేదు, వైరస్ ఎక్కించక్కర్లేదు, బ్యాంకు సర్వర్‌లోకి చొరబడనూ అక్కర్లేదు. లోపం బయటపెట్టేముందే బ్యాంకుకు చెప్పారు, బ్యాంకు సరిచేసింది.

పాత కేసే అయినా దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. సీఎస్ఆర్ఎఫ్ అనగానే ఇంటర్వ్యూల్లో అందరూ ఒకే ఉదాహరణ చెబుతారు: ఇమేజ్ ట్యాగ్‌లో ఒక బ్యాంకు లింకు, పేజీ తెరవగానే వెయ్యి డాలర్లు మాయం. అది విన్న డెవలపర్ "మా దగ్గర అంతా పోస్ట్ రిక్వెస్టులే, పైగా నాలుగు స్క్రీన్లు దాటితేగానీ డబ్బు కదలదు" అని ధీమాగా ఉంటాడు. (పేజీని అడిగే మామూలు రిక్వెస్ట్ గెట్, ఫారం నింపి పంపేది పోస్ట్.) ఐఎన్‌జీ డైరెక్ట్‌లోనూ పోస్ట్ రిక్వెస్టులున్నాయి, స్క్రీన్ మీద స్క్రీన్ ఉంది, హెచ్‌టీటీపీఎస్ ఉంది. ఆ ధీమాకు ఇంతకంటే సూటి జవాబు దొరకదు.

బ్రౌజర్ దేన్ని ఆపుతుంది, దేన్ని ఆపదు

లాగిన్ అవగానే సర్వర్ ఒక సెషన్ కుకీ ఇస్తుంది, అంటే లాగిన్ అయిన మనిషిని గుర్తుపట్టే చిన్న చీటీ. ఆ తర్వాత ఆ సర్వర్‌కు ఏ రిక్వెస్ట్ వెళ్లినా బ్రౌజర్ ఆ కుకీని తనంతట తానే జోడిస్తుంది. ఆ రిక్వెస్ట్‌ను పుట్టించిన పేజీ ఏదన్నది అప్పట్లో బ్రౌజర్‌కు పట్టేది కాదు. బ్యాంకు పేజీలోని బటన్ నొక్కినా, ఎక్కడో ఉన్న పాటల సైటులో దాచిన ఫారం దానంతటదే సబ్మిట్ అయినా సర్వర్‌కు చేరే కుకీ ఒక్కటే.

ఇక్కడ చాలామంది "సేమ్ ఆరిజిన్ పాలసీ ఉంది కదా" అంటారు. ఒక సైటు పేజీని మరో సైటు డేటా ముట్టుకోనివ్వని ఆ బ్రౌజర్ నియమం ఉంది, కానీ అది అడ్డుకునేది జవాబును చదవడాన్ని మాత్రమే. వేరే సైటుకు ఫారం పంపడం వెబ్ తొలినాళ్ల నుంచీ అనుమతి ఉన్న పనే. అందువల్ల దాడి చేసేవాడు గుడ్డివాడు: ఉత్తరం వేయగలడు, వచ్చిన జవాబు విప్పి చూడలేడు. సీఎస్ఆర్ఎఫ్ మొత్తం ఈ ఒక్క షరతు మీదే ఆడుతుంది. జవాబు చదవకుండానే తర్వాతి అడుగు వేయగలిగితే దాడి నెగ్గుతుంది, చదవక తప్పని పరిస్థితి వస్తే అక్కడే ఆగిపోతుంది.

ఈ తరహా లోపానికి మూలం ఇంకా పాతది. అధికారం ఉన్నవాణ్ని మభ్యపెట్టి, ఆ అధికారాన్ని మరొకరి పనికి వాడించుకోవడాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్త నార్మ్ హార్డీ 1988లోనే వివరించాడు. వెబ్‌లో దీనికి సీఎస్ఆర్ఎఫ్ అన్న పేరు 2001లో పీటర్ వాట్కిన్స్ భద్రతా లోపాలను చర్చించే బగ్‌ట్రాక్ మెయిలింగ్ లిస్టులో పెట్టాడు.

గొలుసు ఎలా నడిచింది

దాడి మూడు దశల్లో సాగింది. మొదటిది, ఖాతాదారు పేరున కొత్త చెకింగ్ ఖాతా తెరవడం. ఐఎన్‌జీ డైరెక్ట్ ఆన్‌లైన్‌లో అప్పటికప్పుడే ఖాతా తెరవనిచ్చేది, పాత ఖాతా నుంచి కొంత డబ్బును ప్రారంభ మొత్తంగా వేసుకోనిచ్చేది. ఖాతాదారుకు సౌకర్యం, దాడి చేసేవాడికి పునాది. ఖాతా తెరిచే పేజీని అడిగే ఒక గెట్, "అవును, కొనసాగించండి" అనే పోస్ట్, ఎంత డబ్బు ఏ ఖాతా నుంచి వేయాలో చెప్పే పోస్ట్, నిబంధనలకు ఒప్పుకుంటున్నట్టు చివరి పోస్ట్. వరుస ఇంతే.

ఇందులో మూడో అడుగును కాస్త నిలబడి చూడాలి. డబ్బు ఏ ఖాతా నుంచి తీయాలో చెప్పాలంటే ఖాతా నంబరు తెలియాలి కదా? అదే అడ్డుగోడ అయ్యేది. కానీ సైటు అసలు ఖాతా నంబరు అడగలేదు. ఆ పారామీటర్‌లో (రిక్వెస్ట్‌తో వెళ్లే విలువలో) సున్నా అని పెడితే ఖాతాదారు మొదటి ఖాతా అని తనే అర్థం చేసుకునేది. సున్నా అందరికీ సున్నాయే కాబట్టి ఒకే దొంగ పేజీ ఏ ఖాతాదారుకైనా సరిపోతుంది. ప్రోగ్రామర్ తన సౌకర్యానికి వేసుకున్న దొడ్డిదారి, దాడి చేసేవాడికి రాజమార్గం అయింది.

ఇంకో ముచ్చటైన సంగతి: "కొనసాగించండి" అన్నది బొమ్మ బటన్. అలాంటి బటన్ నొక్కితే మౌస్ ఎక్కడ పడిందో చెప్పే ఎక్స్, వై అంకెలు కూడా ఫారంతో పాటు వెళ్తాయి. దాడి ఫారంలో ఆ రెండు అంకెలనూ ముందే రాసి పెట్టారు. మనిషి వేలు తాకిందని చెప్పే సాక్ష్యం కూడా, సర్వర్ దగ్గరకు వచ్చేసరికి, ఎవరైనా టైపు చేసి పంపగల రెండు సంఖ్యలే.

రెండో దశ, డబ్బు అందుకునే వ్యక్తిని చేర్చడం. పేయీ పేరు, ఈమెయిల్, ఖాతా వివరాలు ఒక పోస్ట్‌లో, "సరే" అనే నిర్ధారణ మరో పోస్ట్‌లో. మూడో దశ, ఆ పేయీకి ఎంత డబ్బో రాసి పంపడం, మళ్లీ నిర్ధారించడం. బదిలీ ఫారంలో పేయీ గుర్తింపు సంఖ్య ఇవ్వాలి. ఖాతాదారు అంతకుముందు ఎవరినీ చేర్చుకోకపోతే, కొత్తగా చేరినవాడికి వచ్చే సంఖ్యను ముందే ఊహించవచ్చు. తమ దాడి ఆ ఊహ మీద ఆధారపడిందని పరిశోధకులే నిజాయితీగా చెప్పుకున్నారు, చిన్న మార్పుతో ఆ షరతు లేకుండానూ నడపవచ్చన్నారు.

అన్నీ కలిపితే పది రిక్వెస్టుల దాకా. వీటిని వరుసగా పంపడానికి దొంగ పేజీలో కనబడని ఐఫ్రేమ్‌లు (పేజీలో మరో పేజీని చూపే చట్రాలు) పెట్టి, ఒక్కోదానిలో దాచిన ఫారాన్ని స్క్రిప్టుతో సబ్మిట్ చేయిస్తారు. ముందు రిక్వెస్ట్ పూర్తవక ముందే తర్వాతిది వెళ్తే సర్వర్‌లోని సెషన్ స్థితి కలగాపులగమై దాడి చెడుతుంది. అయితే ఐఫ్రేమ్ లోపలి పేజీని చదవలేకపోయినా, అది లోడ్ అయిందన్న సంకేతం మాత్రం బయటి పేజీకి అందుతుంది. ఆ సంకేతం రాగానే తర్వాతి ఫారం. అదీ కుదరకపోతే రెండు మూడు సెకన్ల ఆలస్యం పెట్టినా పని జరుగుతుంది.

ఏవి ఉన్నా ఆగలేదు

హెచ్‌టీటీపీఎస్ దారిలో వినేవాణ్ని ఆపుతుంది. ఇక్కడ దారిలో ఎవరూ లేరు, పంపేది ఖాతాదారు బ్రౌజరే. గట్టి పాస్‌వర్డ్ లాగిన్‌ను కాపాడుతుంది, కానీ ఈ దాడి లాగిన్ అయ్యాక మొదలవుతుంది. కుకీకి దొంగతనం నుంచి కాపాడే సెక్యూర్, హెచ్‌టీటీపీ ఓన్లీ గుర్తులు పెట్టినా లాభం లేదు, ఎందుకంటే కుకీని ఎవరూ దొంగిలించడం లేదు. పేజీని ఐఫ్రేమ్‌లో చూపించవద్దనే ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ హెడర్ (రిక్వెస్ట్‌కో జవాబుకో తోడుగా వెళ్లే అదనపు లైను) ఇవాళ పెట్టినా రిక్వెస్ట్ ఆగదు. సర్వర్ పని చేసేసి జవాబు పంపాక, ఆ జవాబును చూపించాలా వద్దా అన్నదే ఆ హెడర్ తేల్చేది.

ఇక నిర్ధారణ స్క్రీన్లు. మనిషికి అవి "ఆగి ఆలోచించు" అని చెబుతాయి. సర్వర్‌కు మాత్రం ఇంకో యూఆర్ఎల్, ఇంకో నాలుగు పారామీటర్లు. ప్రతి అడుగులోనూ సర్వర్ "ఈ కుకీ ఎవరిది?" అని అడిగింది. "ఈ ఫారం నేనిచ్చిన పేజీలోదేనా?" అని ఒక్కసారీ అడగలేదు. ఆ రెండో ప్రశ్న వేయకపోతే నాలుగు స్క్రీన్లు పెట్టినా నలభై పెట్టినా తేడా ఉండదు.

ఓటీపీ సంగతి వేరు. ఫోనుకు వచ్చిన ఆరు అంకెలు దొంగ పేజీకి తెలియవు, దాడి చేసేవాడు ఊహించలేడు, కాబట్టి గొలుసు అక్కడ తెగుతుంది. మన బ్యాంకుల సైట్లలో పేయీని చేర్చేటప్పుడు ఓటీపీ అడగడం వల్ల ఈ దాడికి కూడా అడ్డు పడుతుంది. కానీ ఓటీపీ పెట్టేది డబ్బు కదిలే చోటే. ఈమెయిల్ మార్పు, చిరునామా మార్పు, చెక్‌బుక్ కోరడం లాంటివి చాలా అప్లికేషన్లలో దాని పరిధిలోకి రావు. పరీక్షించేవాళ్లు మొదట తట్టాల్సిన తలుపులు అవే.

అదే పత్రంలోని మిగతా మూడు సైట్లు ఈ మాటకే సాక్ష్యం. చర్చల సైటు మెటాఫిల్టర్‌లో ఈమెయిల్ చిరునామాను మార్పించి, తర్వాత "పాస్‌వర్డ్ మరిచిపోయాను" దారిలో ఖాతానే లాక్కోవచ్చు. యూట్యూబ్‌లో ఇష్టాల జాబితా నుంచి సందేశాల దాకా దాదాపు ప్రతి పనీ చేయించవచ్చు. న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసాన్ని మెయిల్ చేసే సదుపాయం ద్వారా పాఠకుడి ఈమెయిల్ చిరునామాను రాబట్టవచ్చు. ఈ చివరిదాన్ని 2007 సెప్టెంబరులోనే తెలియజేశారు, ఏడాది తిరిగి పత్రం రాసే నాటికీ అలాగే ఉంది. డబ్బుతో సంబంధం లేని లోపానికి తొందరెవరికి?

మరమ్మతు: టోకెన్, దాన్ని పాడుచేసే పద్ధతులు

రెండో ప్రశ్న వేయించే పాత పద్ధతే ఇవాళ్టికీ గట్టిది. సర్వర్ ప్రతి సెషన్‌కూ ఊహించలేని ఒక విలువ తయారుచేస్తుంది, ఇదే టోకెన్. క్రిప్టోగ్రాఫిక్ యాదృచ్ఛిక జనరేటర్ నుంచి కనీసం 128 బిట్లు ఉండాలి. ఆ విలువను తను ఇచ్చే ప్రతి ఫారంలో దాచిన ఫీల్డుగా పెట్టి, ఫారం తిరిగి వచ్చినప్పుడు సరిపోల్చుతుంది. దొంగ పేజీ బ్యాంకు పేజీని చదవలేదు కాబట్టి ఆ విలువ దానికి తెలియదు. గుడ్డివాడు అక్కడ ఆగక తప్పదు.

సూత్రం ఇంత సులువు. అమలులోనే వంకరలన్నీ. ఎక్కువగా కనబడేది, టోకెన్ తప్పుగా ఉంటే తిరస్కరించి, అసలు లేకపోతే వదిలేయడం. కోడ్‌లో "టోకెన్ ఉంటే సరిచూడు" అని రాసిన ఒక్క షరతే కారణం. ఫీల్డు తీసేసి పంపితే తలుపు బార్లా తెరిచి ఉంటుంది. తర్వాతిది, టోకెన్‌ను సెషన్‌కు కట్టకపోవడం: సర్వర్ తను జారీచేసినదా కాదా అని మాత్రమే చూస్తుంది, ఎవరికి జారీచేసిందో చూడదు. అప్పుడు దాడి చేసేవాడు తన ఖాతాతో లాగిన్ అయి, తన టోకెన్‌ను తెచ్చి దొంగ ఫారంలో పెట్టుకుంటాడు. మూడోది, పోస్ట్‌కే తనిఖీ పెట్టి, అదే పనిని గెట్‌తోనూ చేయనివ్వడం. పాత ఫ్రేమ్‌వర్కుల్లో ఒకే హ్యాండ్లర్ రెండింటికీ స్పందిస్తుంది. పారామీటర్ ద్వారా మెథడ్‌ను (గెట్, పోస్ట్‌లలో ఏదన్నది) మార్చనిచ్చే సదుపాయం ఉంటే ఇంకా సులువు.

టోకెన్‌ను యూఆర్ఎల్‌లో పెట్టవద్దు. సర్వర్ లాగుల్లో, బ్రౌజర్ హిస్టరీలో, రెఫరర్ హెడర్‌లో అది జారిపోతుంది.

సర్వర్‌లో ఏదీ దాచుకోకుండా, టోకెన్‌ను కుకీలోనూ ఫారంలోనూ పెట్టి రెండూ ఒకటేనా అని చూసే పద్ధతీ ఉంది. దాని బలహీనత సబ్‌డొమైన్లలో (ప్రధాన డొమైన్ కింద ఉండే ఉప చిరునామాల్లో) ఉంటుంది. ఎప్పుడో వదిలేసిన ప్రచార సబ్‌డొమైన్ ఒకటి దాడి చేసేవాడి చేతికి చిక్కితే, అక్కడినుంచి మొత్తం డొమైన్‌కు వర్తించేలా తనకు తెలిసిన విలువతో కుకీ పెట్టేస్తాడు, ఫారంలోనూ అదే పెడతాడు. సరిపోలిక నెగ్గుతుంది. కాబట్టి టోకెన్‌లో సెషన్ గుర్తింపును కలిపి, సర్వర్ దగ్గర మాత్రమే ఉండే రహస్యంతో హెచ్‌మ్యాక్ అనే ముద్ర వేయాలి. కుకీ పేరుకు ముందు రెండు అండర్‌స్కోర్లతో హోస్ట్ అనే ముందుపదం చేర్చితే, సబ్‌డొమైన్ నుంచి ఆ పేరుతో కుకీ పెట్టడాన్ని బ్రౌజరే ఒప్పుకోదు.

రిక్వెస్ట్‌లో ఫలానా హెడర్ ఉందంటే అది మన పేజీ నుంచే వచ్చిందని నమ్మడమూ ఒకసారి బెడిసికొట్టింది. ఎక్స్-రిక్వెస్టెడ్-విత్ హెడర్ ఉన్న రిక్వెస్టులకు వెబ్ ఫ్రేమ్‌వర్కులు రైల్స్, జాంగో రెండూ టోకెన్ తనిఖీని మినహాయించేవి. బ్రౌజర్ ప్లగిన్లు, దారిమళ్లింపులు కలిస్తే ఆ హెడర్‌ను వేరే సైటుకూ పంపించవచ్చని తేలాక, 2011 ఫిబ్రవరిలో రెండూ ఆ మినహాయింపును ఎత్తేశాయి.

ఇదే గొలుసు ఇవాళ నడుస్తుందా

క్రోమ్‌లో ఉన్నదున్నట్టుగా నడవదు. కుకీకి సేమ్‌సైట్ గుర్తు (వేరే సైటు నుంచి వచ్చే రిక్వెస్ట్‌తో కుకీ వెళ్లాలా వద్దా చెప్పేది) లేకపోతే లాక్స్‌గానే భావించాలన్న నియమాన్ని క్రోమ్ 2020 ఫిబ్రవరిలో 80వ వెర్షన్‌తో మొదలుపెట్టింది. కోవిడ్ కాలంలో సైట్లు చెడిపోకూడదని ఏప్రిల్‌లో వెనక్కు తీసుకుని, జులైలో మళ్లీ తెచ్చింది. లాక్స్ కుకీ వేరే సైటు ఐఫ్రేమ్‌లోకి పోదు, వేరే సైటు నుంచి వచ్చే పోస్ట్‌తోనూ పోదు.

దీన్ని చూసి టోకెన్లు తీసేసినవాళ్లూ ఉన్నారు. అది పొరపాటు. ఐఫ్రేమ్ కాకుండా పేజీ మొత్తం మారే లింకుతో వెళ్లే గెట్‌కు లాక్స్ కుకీ వెళ్తుంది, కాబట్టి గెట్‌తో పని జరిగే చోట దాడి యథాతథం. గుర్తు రాయకుండా డిఫాల్ట్‌కు వదిలేసిన కుకీకి క్రోమ్ మరో వెసులుబాటు ఇచ్చింది: పెట్టిన 2 నిమిషాల లోపు అయితే, పేజీ మారే పోస్ట్‌తో కూడా పంపుతుంది. దొంగ పేజీ మొదట సింగిల్ సైన్ ఆన్ (ఒకే లాగిన్‌తో పలు సైట్లలోకి వెళ్లనిచ్చే పద్ధతి) దారిలో కొత్త కుకీ పడేలా చేసి, వెంటనే ఫారం పంపితే ఆ 2 నిమిషాలు ధారాళంగా సరిపోతాయి. కుకీ మీద లాక్స్ అని మనమే స్పష్టంగా రాస్తే ఈ వెసులుబాటు ఉండదు. ఒక్క పదం రాయడానికి బద్ధకిస్తే వచ్చే నష్టం ఇది. పైగా ఈ డిఫాల్ట్‌ను అన్ని బ్రౌజర్లూ తీసుకోలేదు. అన్నిటికంటే ముఖ్యం, సేమ్‌సైట్ చూసేది సైటునే గానీ ఆరిజిన్‌ను (ప్రోటోకాల్, పూర్తి హోస్ట్ పేరు, పోర్టు కలిసినదాన్ని) కాదు. ఒకే డొమైన్ కింద ఉన్న పక్క సబ్‌డొమైన్ దాని లెక్కలో ఇంటివాడే.

పేమెంట్ గేట్‌వేలతో పనిచేసేవాళ్లకు ఈ మార్పు వేరే రూపంలో తగిలింది. చెల్లింపు అయ్యాక గేట్‌వే ఖాతాదారును మన సైటుకు పోస్ట్‌తో తిప్పి పంపుతుంది. అది వేరే సైటు నుంచి వచ్చిన పోస్ట్ కాబట్టి లాక్స్ కుకీ రాదు. సెషన్ పోయి, డబ్బు కట్టిన మనిషికి మళ్లీ లాగిన్ పేజీ ఎదురవుతుంది. తొందరలో చాలామంది చేసేది సెషన్ కుకీ సేమ్‌సైట్ గుర్తునే నన్ (ఏ ఆంక్షా లేదు) అని మార్చేయడం. దాంతో సైటు మొత్తానికి కంచె పీకేసినట్టే. చేయాల్సింది వేరు: తిరిగి వచ్చే ఆ ఒక్క చిరునామాలో సెషన్ మీద ఆధారపడకుండా, గేట్‌వే సంతకాన్ని సరిచూసి ఆర్డర్‌ను నమోదుచేయాలి. తర్వాత మన సైటులోనే చిన్న పేజీ ఒకటి చూపించి, అక్కడినుంచి గెట్‌తో లోపలికి పంపాలి. అప్పుడు కుకీ వస్తుంది. ఆ చిరునామాకు టోకెన్ తనిఖీని మినహాయించేటప్పుడు దానికొక్కదానికే ఇవ్వాలి. కింద ఉన్న దారులన్నిటికీ వర్తించేలా నక్షత్రం గుర్తు పెడితే తర్వాత పశ్చాత్తాపమే.

టోకెన్‌కు తోడుగా సర్వర్ ముఖద్వారంలో ఇంకో తనిఖీ చవకగా వస్తుంది. సెక్-ఫెచ్-సైట్ హెడర్‌లో రిక్వెస్ట్ ఎక్కడినుంచి పుట్టిందో బ్రౌజరే చెబుతుంది, పేజీలోని స్క్రిప్ట్ దాన్ని మార్చలేదు. పని చేయించే రిక్వెస్ట్‌కు అది సేమ్-ఆరిజిన్ కాకపోతే తిప్పికొట్టవచ్చు. హెడర్ లేని పాత బ్రౌజర్లకు ఆరిజిన్ హెడర్ చూడాలి. పోల్చేటప్పుడు మొత్తం విలువను అక్షరం అక్షరం పోల్చాలి. "మన డొమైన్ పేరు అందులో ఉందా" అని వెతికితే, ఆ పేరును తన డొమైన్‌లో ముందుభాగంగా పెట్టుకున్నవాడూ లోపలికి వస్తాడు.

జేసన్ ఏపీఐలు, ఒక లైను కోడ్

జావా భద్రతా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ సెక్యూరిటీ పాఠాల్లో సీఎస్ఆర్ఎఫ్‌ను డిసేబుల్ చేసే లైను ఒకటి ఉంటుంది. రిక్వెస్టులు పంపి చూసే పోస్ట్‌మ్యాన్‌లో 403 (అనుమతి లేదు) రాగానే వెతికి, ఆ లైను తెచ్చి అతికించడం రివాజు. జేడబ్ల్యూటీ అనే లాగిన్ టోకెన్‌ను ఆథరైజేషన్ హెడర్‌లో స్క్రిప్టే పెట్టి పంపే ఏపీఐ (ప్రోగ్రాములు నేరుగా మాట్లాడే ముఖద్వారం) అయితే ఆ లైను తప్పు కాదు, ఎందుకంటే బ్రౌజర్ ఆ హెడర్‌ను తనంతట తాను జోడించదు. కానీ అదే జేడబ్ల్యూటీని ఆ తర్వాత ఎవరో భద్రత కోసమని కుకీలోకి మార్చుతారు. మార్చినవాళ్లకు పాత లైను గుర్తుండదు. కోడ్ సమీక్షలో ఈ రెండూ ఒకచోట కనబడితే లోపం ఉన్నట్టే లెక్క.

"మాది జేసన్, ఫారంతో పంపలేరు" అన్న వాదన సగం నిజం. (జేసన్ అంటే డేటాను రాసి పంపే ఒక పద్ధతి.) పంపే డేటా రకాన్ని చెప్పే కంటెంట్ టైప్ హెడర్‌లో జేసన్ అని ఉంటే వేరే సైటు నుంచి పంపేముందు బ్రౌజర్ అనుమతి అడుగుతుంది. టెక్స్ట్-ప్లెయిన్ అని ఉంటే అడగదు. ఫారంలోని ఫీల్డు పేరు, విలువలను తెలివిగా విడగొట్టి రాస్తే సర్వర్‌కు చేరేది చెల్లుబాటయ్యే జేసనే. సర్వర్ కంటెంట్ టైప్‌ను పట్టించుకోకుండా పార్స్ చేస్తే పని అయిపోయింది. కచ్చితంగా జేసన్ కానిదాన్ని 415తో (ఈ రకం డేటా తీసుకోనని) తిప్పికొట్టాలి.

సైటులో ఎక్కడైనా ఎక్స్ఎస్ఎస్ (దాడి చేసేవాడి స్క్రిప్టును మన పేజీలోనే నడపనిచ్చే లోపం) ఉంటే ఇవన్నీ వృథా. అప్పుడు స్క్రిప్ట్ మన ఆరిజిన్‌లోనే నడుస్తుంది, టోకెన్‌ను చదివి వాడుకుంటుంది. 2005లో మైస్పేస్ సోషల్ నెట్‌వర్క్‌ను చుట్టేసిన శామీ వార్మ్ చేసింది అదే.

పరీక్షించే వరుస

రెండు బ్రౌజర్ ప్రొఫైళ్లు, రెండు ఖాతాలు, రిక్వెస్టులను మధ్యలో పట్టి మార్చనిచ్చే బర్ప్ లాంటి ప్రాక్సీ ఒకటి ఉంటే చాలు. ముందు అప్లికేషన్‌లో ఏదైనా మార్చే ప్రతి రిక్వెస్ట్‌నూ జాబితా వేయాలి, పని పూర్తయ్యే చివరి రిక్వెస్ట్‌ను ప్రత్యేకంగా గుర్తించాలి. చాలా బహుళ దశల ఫారాల్లో చివరి దశను ఒక్కదాన్నే పంపినా సర్వర్ ఒప్పేసుకుంటుంది, గొలుసు కట్టే శ్రమ కూడా ఉండదు. తర్వాత ఒక్కో రిక్వెస్ట్‌కు టోకెన్ తీసేసి పంపాలి, ఖాళీగా పంపాలి, రెండో ఖాతా టోకెన్ పెట్టి పంపాలి, పోస్ట్‌ను గెట్ చేసి పంపాలి, కంటెంట్ టైప్ మార్చి పంపాలి. ప్రాక్సీలో నెగ్గినంత మాత్రాన రిపోర్టు రాయకూడదు. ప్రాక్సీ కుకీని ఎలాగూ పంపుతుంది, సేమ్‌సైట్ దానికి పట్టదు. వేరే డొమైన్‌లో నిజమైన పేజీ పెట్టి, క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ సఫారీలోనూ తెరిచి, డేటాబేస్‌లో మార్పు జరిగిందో లేదో చూడాలి. 200 (అంతా సరే) వచ్చిందన్నది రుజువు కాదు, ఎర్రర్ పేజీని 200తో చూపించే సైట్లు కోకొల్లలు.

జాబితాలో లాగిన్ ఫారాన్ని కూడా చేర్చాలి. లాగిన్‌కు ముందు సెషనే లేదు కదా, దాడి ఏముంటుందని దాన్ని వదిలేస్తారు. 2008లోనే పరిశోధకులు బార్త్, జాక్సన్, మిచెల్ ఈ సందును చూపించారు: దొంగ పేజీ బాధితుణ్ని దాడి చేసేవాడి ఖాతాలోకే లాగిన్ చేయిస్తుంది. తన ఖాతాలోనే ఉన్నాననుకుని అతను వెతికినవన్నీ ఆ ఖాతా చరిత్రలో చేరతాయి, కార్డు నంబరు ఇస్తే అదీ అక్కడే నమోదవుతుంది. దీనికి లాగిన్ పేజీ తెరవగానే ఒక తాత్కాలిక సెషన్ ఇచ్చి, టోకెన్‌ను దానికి కట్టి, లాగిన్ నెగ్గగానే సెషన్‌నూ టోకెన్‌నూ రెండింటినీ కొత్తవి చేయాలి.